గల్లాపెట్టె తాళం ఎవరి దగ్గర?

సొంతంగా వ్యాపారం పెట్టాలనుకునే అమ్మాయిలకు ఈ రోజుల్లో సలహాల కరువు లేదు. ధైర్యం చెయ్యమనేవాళ్లు కొందరు, కొత్త ఆలోచనతో రమ్మనేవాళ్లు కొందరు, ఏ పథకంలో ఎంత అప్పు పుడుతుందో వివరించేవాళ్లు ఇంకొందరు. అవన్నీ వినండి, తప్పులేదు. అయితే వాటన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు, అడిగితే ఇంట్లో వాళ్లకు నచ్చదు. మీ వ్యాపారంలో వచ్చిన రూపాయి ఎవరి చేతికి వెళ్తుంది? దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు చెబుతారు? ఆడవాళ్ల చిన్న వ్యాపారాలు ఏళ్ల తరబడి చిన్నవిగానే ఉండిపోవడానికి తెలివితక్కువతనమో, పిరికితనమో కారణం కాదు. పెట్టుబడి దొరకకపోవడం కారణమే, కానీ అదొక్కటే కాదు. వ్యాపారం డబ్బుకూ ఇంటి డబ్బుకూ మధ్య అడ్డుగోడ లేకపోవడం అంతకన్నా లోతైన కారణమని నా వాదన. దానికి ఆధారాలు ఉన్నాయి, అభ్యంతరాలూ ఉన్నాయి. రెంటినీ మీ ముందుంచుతాను.

ముందు మన దేశం లెక్క చూద్దాం. 2013, 2014 సంవత్సరాల్లో జరిగిన ఆరో ఆర్థిక గణన ప్రకారం దేశంలో ఉన్న సుమారు 5.85 కోట్ల సంస్థల్లో ఆడవాళ్లు యజమానులుగా ఉన్నవి 80 లక్షల పైచిలుకు, అంటే 13.76 శాతం. రాష్ట్రాల వారీగా తమిళనాడు, కేరళల తర్వాత మూడో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. సంతోషించవలసిన మాటే. కానీ అదే నివేదికలో రెండు పేజీలు తిప్పితే వేరే సంగతి కనిపిస్తుంది. ఆడవాళ్ల సంస్థల్లో సుమారు 83 శాతం ఒక్క మనిషినైనా జీతానికి పెట్టుకోనివి. 79 శాతం దాకా సొంత డబ్బుతో నడిచేవి. బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థల నుంచి అప్పు తెచ్చుకున్నవి సుమారు ఒక్క శాతం. కుట్టుమిషను, పిండిమర, పాలకేంద్రం, బ్యూటీ పార్లర్, చీరల మూట, ఊరగాయల జాడీ. యజమాని ఆవిడే, పనిమనిషీ ఆవిడే, డెలివరీ కుర్రాడూ ఆవిడే. పదేళ్ల తర్వాత చూసినా అదే కుట్టుమిషను, అదే వసారా. ఇలా ఎందుకు జరుగుతోంది? పెట్టుబడి ఇస్తే పెరుగుతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. దాన్నే పరీక్షించి చూశారు కొందరు ఆర్థికవేత్తలు.

శ్రీలంకలో సురేశ్ డి మెల్, డేవిడ్ మెకెంజీ, క్రిస్టఫర్ వుడ్రఫ్ అనే ముగ్గురు 2005 నుంచి ఒక ప్రయోగం చేశారు. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే మగవాళ్లకూ ఆడవాళ్లకూ లాటరీ పద్ధతిలో పది వేలు లేదా ఇరవై వేల శ్రీలంక రూపాయల విలువైన సాయం ఇచ్చారు, కొందరికి రొక్కంగా, కొందరికి సరుకుగా. తిరిగి కట్టనక్కరలేని డబ్బు అది. మగవాళ్ల వ్యాపారాల్లో లాభాలు పెరిగాయి, ఆ పెట్టుబడి మీద రాబడి బ్యాంకు వడ్డీలను దాటిపోయింది. ఆడవాళ్ల వ్యాపారాల్లో మాత్రం సగటున పెరుగుదల కనిపించలేదు. ఈ ఫలితం చూసి ఆడవాళ్లకు వ్యాపారం చేతకాదని తీర్మానించడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు లోకంలో ఎప్పుడూ ఉంటారు. కొంచెం మర్యాదగా చెప్పేవాళ్లు, ఆడవాళ్లు ఎంచుకునే వ్యాపారాలే లాభం తక్కువవని అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ అసలు ముడి అక్కడ లేదు.

ఆ ముడిని 2019లో ఇంకొక నలుగురు విప్పారు. అరియెల్ బెర్న్‌హార్ట్, ఎరికా ఫీల్డ్, రోహిణీ పాండే, నటాలియా రిగోల్ కలిసి భారతదేశం, శ్రీలంక, ఘనా దేశాల ప్రయోగాల లెక్కలను మళ్లీ తీసి, ఇంకో ప్రశ్న వేశారు: ఆ ఇంట్లో వేరే వ్యాపారం కూడా ఉందా? ఉన్న ఇళ్లలో, ఆడవాళ్ల పేరుమీద వచ్చిన డబ్బు చాలావరకు భర్తల వ్యాపారంలోకి వెళ్లిపోయింది. ఇంట్లో వ్యాపారం చేసే మనిషి ఆవిడ ఒక్కతే అయిన చోట, పెట్టుబడి మీద ఆడవాళ్లకు వచ్చిన రాబడి మగవాళ్లకు వచ్చినదానికి తీసిపోలేదు. అంటే చేతకానితనం లేదు, డబ్బు ఆవిడ వ్యాపారంలో నిలవలేదు, అంతే. అన్నాళ్లూ పరిశోధకులు ఆడవాళ్ల వ్యాపారం ఎదగలేదని కొలిచారు గానీ, ఆ వ్యాపారానికి పెట్టుబడే చేరలేదన్నది కొలవలేదు.

యుగాండాలో ఎమ్మా రైలీ చేసిన అధ్యయనం దీన్ని మరింత స్పష్టం చేసింది. అక్కడ బ్రాక్ అనే సంస్థ ఆడవాళ్లకు ఇచ్చే చిన్న అప్పులను కొందరికి మామూలుగా నోట్ల రూపంలో, కొందరికి వాళ్ల సొంత మొబైల్ డబ్బు ఖాతాలో వేసి ఇచ్చింది. అప్పు అదే, వడ్డీ అదే, మనుషులూ అలాంటివాళ్లే. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, ఖాతాలో డబ్బు అందుకున్నవాళ్ల వ్యాపార లాభాలు 15 శాతం ఎక్కువ. ఇంట్లో డబ్బు పంచమని ఒత్తిడి ఉన్న ఆడవాళ్లకు ఈ మేలు ఎక్కువగా దక్కింది. నోట్ల కట్ట బీరువాలో ఉందంటే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, ఆడపడుచు ఫీజుకో, మరిది బైకు కిస్తీకో అది కరిగిపోతుంది. ఖాతాలో ఉంటే అడగడానికి ముందు ఒక క్షణం ఆలోచిస్తారు. ఆ ఒక్క క్షణం విలువ పదిహేను శాతం అన్నమాట. ఏ శిక్షణా, ఏ ఉపన్యాసమూ లేకుండా, డబ్బు చేరే దారి మార్చినందుకు దక్కిన ఫలితమిది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. సంసారం ఒక్కటే కదా, భర్త వ్యాపారంలో రాబడి ఎక్కువైతే డబ్బు అక్కడ పెట్టడమే తెలివి, ఇంటి మొత్తానికి లాభం వస్తే ఆవిడకూ వచ్చినట్టే కదా, నాది నీది అని గీతలు గీస్తే అది కాపురమా అని అడుగుతారు. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. బెర్న్‌హార్ట్ బృందం పరిశోధనలోనే, డబ్బు భర్త వ్యాపారంలోకి వెళ్లినప్పుడు ఇంటి ఆదాయం మొత్తంగా పెరిగిందని తేలింది. డబ్బు వృథా కాలేదు. కానీ అప్పు ఎవరి పేరున ఉంది? వాయిదా తప్పితే పొదుపు సంఘం సమావేశంలో తలదించుకునేది ఎవరు? అప్పుల చరిత్ర చూపే సిబిల్ రికార్డులో మచ్చ పడేది ఎవరి పేరుకు? ఆస్తి ఒకరిది, బాకీ ఒకరిది అయితే దాన్ని ఉమ్మడి సంసారం అనలేం. అనారోగ్యమో, విడాకులో, భర్త మరణమో ఎదురైన రోజున ఈ తేడా బయటపడుతుంది. అప్పటికి ఆవిడ చేతిలో వ్యాపారం ఉండదు, అనుభవం ఉండదు, అప్పు కాగితం మాత్రం ఉంటుంది. భర్తకు ఇవ్వొద్దని నేననడం లేదు. ఇచ్చింది పద్దులో రాయమంటున్నాను: తేదీ, మొత్తం, తిరిగి రావలసిన గడువు. తోడబుట్టిన అన్నదమ్ములే భాగస్వామ్య వ్యాపారంలో ఇలా రాసుకుంటారు, అప్పుడు ఎవరూ దాన్ని అపనమ్మకం అనరు.

దీనికి తోబుట్టువులాంటి ఇంకో ప్రమాదం ఉంది. ఇది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మామూలైపోయింది కనుక కొంచెం ఆగి చెబుతాను. ఆడవాళ్ల పేరున ఉంటే రాయితీ ఎక్కువ వస్తుంది, టెండరు దొరుకుతుంది, లేదా ఇంట్లో మగవాళ్ల పేరున అప్పటికే బాకీలున్నాయి. అందుకని కూతురినో, కోడలినో ప్రొప్రైటర్‌గా పెట్టి సంతకాలు చేయిస్తారు. ‘నీకేం పని ఉండదమ్మా, సంతకం పెడితే చాలు’ అంటారు. చట్టం దృష్టిలో ప్రొప్రైటర్ వేరు, సంస్థ వేరు కాదు. సంస్థ బాకీ అంతా ఆ అమ్మాయి సొంత బాకీయే, పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం దాకా. జీఎస్టీ కట్టకపోతే నోటీసు ఆమెకే వస్తుంది. ఖాళీ చెక్కుల మీద ఆమె చేత సంతకాలు పెట్టించుకున్నాక ఆ చెక్కు చెల్లకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఆమెకు రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. భాగస్వామ్య సంస్థలోనైతే ప్రతి భాగస్వామీ మొత్తం బాకీకి బాధ్యులు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి, 2013 కంపెనీల చట్టం తెచ్చిన ఒక్క మనిషి కంపెనీకి బాధ్యత పరిమితమే, అయినా బ్యాంకు సొంత హామీ అడిగితే ఆ పరిమితి చాలావరకు పోయినట్టే. కాబట్టి సంతకం పెట్టేముందు ఖాతా పుస్తకం చూపించమని అడగండి. చూపించని చోట సంతకం పెట్టకండి. ఇంట్లో మాట వస్తే రానివ్వండి, కోర్టు నోటీసు కన్నా అది చిన్నది.

చట్టం మీ వైపు ఉందని చాలామందికి తెలియదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్, హిందూ స్త్రీ తన నైపుణ్యంతో, శ్రమతో సంపాదించుకున్నది సహా ఆమె స్వాధీనంలోని ఆస్తికి ఆమెనే సంపూర్ణ యజమానురాలిగా గుర్తిస్తుంది. అంతకు ముప్ఫై ఏళ్ల తర్వాత, 1986లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది, కేంద్రం అదే పని 2005లో చేసింది. దేశానికన్నా రెండు దశాబ్దాలు ముందున్న చరిత్ర మనది. కానీ చట్టంలో హక్కు ఉండటం వేరు, దుకాణంలో అతికించిన క్యూఆర్ కోడ్ ఎవరి ఖాతాకు ముడిపడి ఉందన్నది వేరు. సరుకు మీరు తయారుచేసి, గిరాకీ మీరు తెచ్చి, డబ్బు మాత్రం భర్త ఫోన్‌లో మోగితే, సాయంత్రానికి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి ఆయన్ను అడగాలి. ఓటీపీ తండ్రి నంబరుకు వచ్చే ఖాతా కూడా అలాంటిదే. ఫోన్ నంబరు మార్చుకోవడం బ్యాంకులో అరగంట పని.

లెక్క సొంతంగా పెట్టుకుంటే ఏం జరుగుతుందో చూడటానికి చాలామంది పెద్ద పేర్లు చెబుతారు. 1978లో బెంగళూరులో ఒక గ్యారేజీలో పది వేల రూపాయలతో బయోకాన్ మొదలుపెట్టిన కిరణ్ మజుందార్ షా, దాదాపు యాభయ్యో ఏట నైకా మొదలుపెట్టిన ఫాల్గుణి నాయర్. గొప్పవాళ్లే, కానీ ఒకరికి విదేశంలో చదువు, ఇంకొకరికి బ్యాంకింగ్‌లో సుదీర్ఘ అనుభవం వెనకాల ఉన్నాయి. అందరికీ కొలబద్దగా పనికొచ్చేది నా దృష్టిలో లిజ్జత్ పాపడ్. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పుచేసి, మేడమీద అప్పడాలు ఒత్తి మొదటిరోజు నాలుగు ప్యాకెట్లు అమ్మారు. అప్పు ఇచ్చిన ఛగన్‌లాల్ పారేఖ్ వాళ్లకు పట్టుబట్టి నేర్పినది లెక్కలు రాయడం. విరాళం తీసుకోకూడదని, నష్టమొచ్చినా చేయి చాచకూడదని వాళ్లు నిర్ణయించుకున్నారు. సభ్యత్వం ఆడవాళ్లకే, మగవాళ్లు జీతగాళ్లుగా మాత్రమే ఉండగలరు. ఉదయం కేంద్రానికి వచ్చి కలిపిన పిండి తీసుకెళ్లి, ఇంట్లో ఒత్తి, తెచ్చి అప్పగిస్తే కూలి చేతికి వస్తుంది. లాభం సభ్యులందరికీ పంపకం. ఈ రోజు నలభై వేలకు పైగా సభ్యులున్నారు. పని ఇంట్లోనే జరుగుతున్నా, గల్లాపెట్టె మాత్రం ఇంటి బయట ఉంది. ఏ సభ్యురాలి అత్తగారూ లిజ్జత్ సంస్థ మూలధనంలో చేయి పెట్టలేదు. ఆ ఏర్పాటు ఒక్కటీ లేకపోతే, ఏడుగురూ ఏడు చోట్ల అప్పడాలు ఒత్తుకుంటూ ఉండేవారేమో.

వ్యాపారానికీ ఇంటికీ మధ్య గోడ కట్టడమంటే వేరే ఖాతా తెరవడం ఒక్కటే కాదు. మీ శ్రమకు మీరే కూలి కట్టుకోవాలి. ఇదే చాలామంది మింగలేని మాట. ఒక ఉదాహరణ అనుకుందాం. కిలో ఆవకాయకు కాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి 260 రూపాయలు పడింది, 400కి అమ్మారు. కిలోకు 140 లాభమని అందరూ మెచ్చుకుంటారు. సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె 35 రూపాయలు, రవాణా 25, తీసేస్తే మిగిలింది 80. ఇక కాయలు కడిగి తుడిచి, ముక్కలు కొట్టించి, జీడి తీసి, కలిపి, మూడో రోజు తిరగగలిపి, సీసాల్లో నింపడానికి యాభై కిలోలకు ఇద్దరు మనుషులు ఆరేసి రోజులు చేశారనుకోండి. పన్నెండు పనిరోజులు. రోజుకు 500 చొప్పున ఆరు వేలు, కిలోకు 120. అంటే కిలోకు 40 రూపాయల నష్టానికి అమ్మారు. ‘ఇంట్లో ఊరికే ఉండేదానికన్నా నయం కదా’ అనే జవాబు వస్తుంది. ఊరికే ఎవరూ ఉండటం లేదు, ఇంటిపని లెక్కలోకి రాదంతే. పైగా, రేపు గిరాకీ పెరిగి సహాయానికి మనిషిని పెట్టుకుంటే ఆమెకు కూలి ఇవ్వక తప్పదు, అప్పుడు ధర చాలదు, పెంచితే కొనేవాళ్లు పోతారు. అందుకే పని ఉన్నా మనిషిని పెట్టుకోలేని వ్యాపారాలు ఎన్నో. జీతానికి మనిషిని పెట్టుకోని ఆ 83 శాతంలో కొంత ఈ తప్పుడు ధర దగ్గరే పుట్టింది. మొదటి సీసా మీదనే మీ కూలి వేసుకోండి. ఆ ధరకు అమ్ముడుపోకపోతే, సరుకు మార్చాలో, మానుకోవాలో ముందే తెలుస్తుంది.

అరువు గురించి రెండు మాటలు. చీరల వ్యాపారం చేసేవాళ్లకు దీని బాధ తెలుసు: తెలిసినవాళ్లు వాయిదాల మీద తీసుకుంటారు, అడిగితే నొచ్చుకుంటారు, అడగకపోతే మన పెట్టుబడి వాళ్ల బీరువాలో ఉంటుంది. పెద్ద దుకాణాలు, సంస్థలూ ఇందుకు మినహాయింపు కావు. కానీ తయారీ, సేవల రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి చట్టం ఒక ఆయుధమిచ్చింది. సరుకు అందుకున్న కొనుగోలుదారు ఒప్పందం ప్రకారం, ఎలా చూసినా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి, లేకపోతే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. దానికి ఉద్యం అనే ప్రభుత్వ వెబ్‌సైటులో సంస్థ నమోదై ఉండాలి. కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ వర్తించదు, అది కూడా తెలుసుకునే మొదలుపెట్టండి.

ఇక అప్పు. ఉంది. 2015లో వచ్చిన ముద్ర పథకంలో పూచీకత్తు లేకుండా శిశు విభాగంలో యాభై వేలు, కిశోర్‌లో ఐదు లక్షలు, తరుణ్‌లో పది లక్షల వరకు ఇస్తారు, ఖాతాల్లో మూడింట రెండు వంతులు ఆడవాళ్లవే. పీఎంఈజీపీ అనే కేంద్ర పథకంలో ఆడవాళ్లకు పట్టణాల్లో 25, గ్రామాల్లో 35 శాతం రాయితీ ఉంటుంది, సొంత వాటా 5 శాతం. పొదుపు సంఘాల ద్వారా బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పులు మన ఊళ్లలో ఉండనే ఉన్నాయి. కానీ అప్పు తీసుకున్నంత మాత్రాన వ్యాపారం పుట్టదని హైదరాబాదు మీద జరిగిన అధ్యయనమే చెప్పింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ల సహచరులు నగరంలోని 104 పేదల వాడలను తీసుకుని, లాటరీగా ఎంచిన 52 వాడల్లో సూక్ష్మరుణ సంస్థ శాఖ తెరిచాక ఏమైందో చూశారు. కొత్త వ్యాపారాలు కొద్దిగానే పెరిగాయి, అప్పటికే వ్యాపారం నడుపుతున్నవాళ్లు మాత్రం పెట్టుబడి పెంచుకున్నారు. ఆరేళ్ల తర్వాత తిరిగి చూసినా, అప్పు రాకముందే వ్యాపారం మొదలుపెట్టినవాళ్లకే నిలిచిన లాభం దక్కింది. ఆ వాడల్లోని ఆడవాళ్ల మాటకు ఇంట్లో విలువ పెరిగిందన్న ఆధారం కూడా మొత్తంమీద కనిపించలేదు. చిన్న స్థాయిలో అమ్మి చూసి, లెక్క నిలదొక్కుకున్నాకే అప్పుకు వెళ్లమనడానికి ఇదే కారణం. ఇంకొకటి, వాయిదా ఎప్పుడు మొదలవుతుందో అడగండి. కోల్‌కతాలో కొందరికి రెండు వారాలకు బదులు రెండు నెలల తర్వాత మొదటి వాయిదా పెట్టి చూస్తే, వాళ్లు సరుకు మీద ఎక్కువ పెట్టుబడి పెట్టారు, మూడేళ్ల తర్వాత లాభాలు ఎక్కువగా ఉన్నాయి, బకాయిపడిన వాళ్లు కూడా ఎక్కువే. వారం వారం కట్టాలంటే వారంలో తిరిగొచ్చే వ్యాపారమే చేస్తాం, దానికి మించినది పెరగదు. అలాగని గడువు ఎక్కువైతే ప్రమాదం లేదనీ అనుకోకండి.

పెళ్లి కాని అమ్మాయిలు ఒక సందేహం అడుగుతారు: ఇప్పుడు మొదలుపెట్టి, రేపు ఎక్కడికో వెళ్లవలసి వస్తే? న్యాయమైన సందేహమే. మన దగ్గర అబ్బాయి వ్యాపారం ఉన్నచోటే ఉంటుంది, అమ్మాయి వ్యాపారం పెళ్లితో కదలాలని అందరూ అనుకుంటారు. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, పనికొచ్చే జవాబు మాత్రం ఉంది. సంస్థ పేరు, నమోదు, ఖాతా, కొనుగోలుదారుల జాబితా మీ పేరున ఉంటే ఊరు మారినా వ్యాపారం మీతో వస్తుంది. అవి అన్నయ్య పేరున ఉంటే మీరే బయటి మనిషి. సంబంధం మాట్లాడేటప్పుడు కట్నకానుకలు అడగడానికి సిగ్గుపడని పెద్దల దగ్గర, నా వ్యాపారం ఏమవుతుందని అడగడానికి మీరెందుకు సిగ్గుపడాలి? ఉద్యోగమే మేలు కదా అనేవాళ్లకూ ఒక మాట. నెల జీతం దొరికే పని ఉంటే కొన్నేళ్లు చెయ్యండి, వేరే వాళ్ల డబ్బుతో వ్యాపారం నేర్చుకోవడానికి అంతకన్నా చౌకైన దారి లేదు. వ్యాపారం పెట్టడం ఉద్యోగం కన్నా గొప్ప పనేమీ కాదు.

ఇన్ని గోడలు కట్టుకుంటే ఒంటరివాళ్లమవుతామేమో అని భయపడేవాళ్లున్నారు. దీనికీ ఆధారముంది. అహ్మదాబాదులో సేవా బ్యాంకు ఖాతాదారులైన ఆడవాళ్లకు రెండు రోజుల వ్యాపార శిక్షణ ఇచ్చి, కొందరిని ఒక స్నేహితురాలితో కలిసి రమ్మన్నారు. ఒంటరిగా వచ్చినవాళ్లకన్నా, తోడుతో వచ్చినవాళ్లే తర్వాత వ్యాపారానికి ఎక్కువ అప్పు తీసుకుని, ఎక్కువ పని చేశారు. ఆ బ్యాంకును 1974లో కూరగాయలు అమ్మేవాళ్లు, బరువులు మోసేవాళ్లు కలిసి పెట్టుకున్నారు. హైదరాబాదులో 1993లో పుట్టిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం అలీప్ గాజులరామారంలో ఆడవాళ్ల పరిశ్రమలకే ఒక పారిశ్రామిక వాడ సాధించుకుంది, 2018 నుంచి తెలంగాణలో వ్యాపారం చేసే ఆడవాళ్లకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ వీ హబ్ ఉంది. వీటి గుమ్మం తొక్కడానికి సిఫారసు అక్కర్లేదు. తోడుగా ఒక స్నేహితురాలిని తీసుకెళ్లండి.

అప్పుకోసం దరఖాస్తు పెట్టేముందు ఈ నాలుగు పనులూ చెయ్యండి. మీ పేరున, మీ ఫోన్ నంబరుతో వ్యాపారానికి వేరే ఖాతా తెరవండి. క్యూఆర్ కోడ్ దానికే కట్టించుకోండి. ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇచ్చే మీ సిబిల్ నివేదిక తెప్పించుకుని, మీకు తెలియని అప్పు మీ పేరున ఉందేమో చూసుకోండి. ఉద్యం వెబ్‌సైటులో మీరే నమోదు చేసుకోండి. దానికి ఆధార్, పాన్ కావాలి, రుసుము ఒక్క రూపాయి కూడా లేదు, మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.